రహీం సార్ స్కోరెంత?

మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో నేను డిఫెండర్‌ని. మూడేళ్లుగా ఆడతా ఉన్నాను. కొట్టిన గోల్స్ సున్నా. నేను ఫుట్‌బాల్ ఆడతానని తెలిసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఆ లెక్కే. తిరుపతిలో ఏ సందులో చూసినా క్రికెట్టే కాబట్టి, అట్ల అడిగేవాళ్లు కూడా తక్కువే అనుకోండి. అడిగినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. మన దేశం ఫుట్‌బాల్‌లో గెల్చుకున్న రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలూ ఆయన నేర్పిన జట్లవే. ఆ మ్యాచుల స్కోర్‌షీట్లు ఎంత వెతికినా గోల్స్ పక్కన మాత్రం ఆయన పేరు దొరకదు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వాళ్లకు రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. మనలాగే కాలేజీ ప్లేయర్ అన్నమాట. డిగ్రీ అయ్యాక బడిపంతులయ్యారు. మనకు కాచిగూడ అంటే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్. చిత్తూరులోనో తిరుపతిలోనో సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగే స్టేషన్. ఆ కాచిగూడలో మిడిల్ స్కూల్ పిల్లలకు ఆయన పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నారు. జీవితాంతం ఆయనలోని ఆ టీచర్ పోలేదు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. అప్పుడు ఆయన పెట్టిన టోర్నమెంట్లు నాకు భలే నచ్చాయి. ఒక దాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే పరిగెత్తడానికి లేదు, వెంటనే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాళ్లు ఎడమ కాలితో అన్నమాట. పొట్టివాళ్ల కోసం విడిగా ఇంకో టోర్నమెంట్. ఆలోచించి చూడండి. ఎవడికి ఏది రాదో దాన్నే ఆటగా మార్చేశారు. రాని సబ్జెక్టును పరీక్ష ముందురోజు దాకా ముట్టుకోని మన బ్యాచ్‌కు ఈయన సార్‌గా వచ్చుంటే ఎట్ల ఉండేదో!

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో ఉంది. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు ఎత్తుకొచ్చారు. ఫుట్‌బాల్ అంటే బెంగాలే అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

భారత జట్టు పగ్గాలు కూడా అప్పుడే ఆయనకు అందాయి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండోనేషియా మీద 3-0, ఆఫ్ఘనిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మొత్తం ఏడు గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వకుండా బంగారు పతకం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితగ్గొట్టింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతోనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

అంత పెద్ద ఓటమి తర్వాత రహీం గారు జట్టు ఆడే పద్ధతినే మార్చుకుంటూ వచ్చారు. సెంటర్ ఫార్వర్డ్ ఎదుటి గోల్ దగ్గరే నిలబడకుండా కొంచెం వెనక్కి దిగుతాడు. అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కు ఇరకాటం. వెంట వస్తే వెనక ఖాళీ, రాకపోతే ఇతనికి బంతి ఖాళీగా దొరుకుతుంది. డిఫెండర్‌గా చెప్తున్నా, దీనికంటే చిరాకు పెట్టే ఎత్తు ఇంకోటి లేదు. అప్పట్లో హంగేరీ వాళ్లు ఇట్లా ఆడే ప్రపంచాన్ని వణికించారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. అందులో నెవిల్ డిసౌజా ఒక్కడివే మూడు గోల్స్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతనే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తో, కాంస్యం కోసం బల్గేరియాతో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం. హంగేరీ చేతిలో 2-1, పెరూ చేతిలో 3-1 తేడాతో ఓడిపోయాం. ఆ తర్వాత ఈ రోజు వరకు మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మొహం చూడలేదు.

ఇంక 1962 జకార్తా. ఆయన ఆరోగ్యం అప్పటికే చెడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచినా, ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్‌పై 2-0. సెమీస్ ముందు రహీం గారు ఎవరూ అనుకోని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ సెమీస్‌లో జర్నైల్ కూడా ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతోనే. తైవాన్, ఇజ్రాయెల్‌లను ఆ క్రీడలకు రానివ్వనందుకు భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరంతా మన మీద కోపంగా ఉంది. స్టేడియంలో దాదాపు లక్షమంది మనవాళ్లను గేలి చేస్తున్నారు. ఆ గోలలో తమ కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని మనవాళ్లు తర్వాత చెప్పుకునేవారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ అప్పుడే జ్వరం నుంచి లేచాడు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్, 20వ నిమిషంలో కుట్ల తలతో జర్నైల్ గోల్. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1, బంగారం మనది. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టువాళ్లే.

ఆ ఫైనల్ తర్వాత తొమ్మిది నెలలు దాటి ఒక్క వారం బతికారు. 1963 జూన్ 11న పోయారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన వయసువాళ్లలో చాలామందికి ఆయన పేరే తెలీదు.

ఆటగాడి లెక్క రాయడం సులువు. ఇన్ని మ్యాచ్‌లు, ఇన్ని గోల్స్. టీచర్ లెక్క ఎక్కడ రాస్తాం? ఒక డిఫెండర్‌లో ఫార్వర్డ్‌ను చూడటానికి ఏ కాలమ్‌లో మార్కులేస్తాం? 1951లో ఏడు గోల్స్, 1962లో పదకొండు. నన్నడిగితే ఆ పద్దెనిమిదీ రహీం సార్ ఖాతాలోవే.

చివరగా ఒక ప్రపోజల్. ఈసారి మన స్పోర్ట్స్ మీట్‌లో ఒక బలహీన కాలి టోర్నమెంట్ పెడదామప్పా. అందరం సమానంగా చెత్తగా ఆడతాం కాబట్టి ఎవరూ సిగ్గుపడాల్సిన పనిలేదు. స్పోర్ట్స్ సెక్రటరీ ఈ పేజీ చదువుతాడని తెలిసే రాస్తున్నా. గోల్ కొట్టని డిఫెండర్లకు ఎంట్రీ ఫీజు మాఫీ చేస్తే ఇంకా సంతోషం.