బాంబుల కాలంలో పాటకు నీడనిచ్చిన విజయనగరం.. ఘంటసాల వెనుక కథ ఇదే!

పలాస నుంచి కవిటి దాకా ఏ ఊరి గుడిలో మైక్ పెట్టినా వినిపించే గొంతు ఘంటసాల. ఆ గొంతుకు చదువు చెప్పింది మన ఉత్తరాంధ్రే అని ఎంతమందికి తెలుసు?

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరిక తీర్చడానికి, చేతి ఉంగరం అమ్మేసి విజయనగరం బండెక్కారు.

1919లో మొదలైన అక్కడి గాన పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. 1936 నుంచి వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత చూశారు. ఘంటసాల వెళ్లేసరికి వేసవి సెలవులు. పాఠశాల మూసేసి ఉంది. ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

అప్పుడు చేరదీసింది పట్రాయని సీతారామశాస్త్రి. పాఠం చెప్తారు సరే, మరి తిండి? ఆయనకూ అంత స్తోమత లేదు. దాంతో ఘంటసాల జోలె భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగి మధుకరం ఎత్తారు. విజయనగరం ఇల్లాళ్లు పెట్టిన ముద్దలే ఆయన్ని నిలబెట్టాయి. తర్వాత పాఠశాలలో చేరి పట్టా పుచ్చుకున్నారు.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం మన తీరందాకా వచ్చేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులేశాయి. జనం ఊళ్లు వదిలి పోయారు. విశాఖకు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న విజయనగరంలో మాత్రం సంగీత పాఠం ఆ యుద్ధాన్ని దాటి నిలిచింది.

అదే ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. కచేరీలు చేసుకుంటూ బతకొచ్చు. కానీ ఘంటసాల ఉద్యమంలోకి దూకారు. అరెస్టయి బళ్లారి దగ్గరి అలీపురం జైల్లో 18 నెలలు గడిపారు. బయటకొచ్చాక 1944లో సావిత్రిని పెళ్లాడారు. ఆ తర్వాత మద్రాసు చేరారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో పాడారు. 1951 నాటి పాతాళభైరవితో ఇంటింటి గొంతయ్యారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లే.

ఆ పాఠశాల ఇప్పుడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నేటికీ విజయనగరంలో పాఠాలు నడుస్తూనే ఉన్నాయి. ఊరు పెట్టిన గుప్పెడు అన్నం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఘంటసాల పాట ఒక్కటి చాలదూ!