బాహుకుడి వేషం కట్టిన వకీలు

జగిత్యాలలో అయినా కోరుట్లలో అయినా వకీల్ సాబ్ అంటే మనకు గుర్తొచ్చేది భూమి పంచాయితీలే. సినిమా వాళ్ళ కాంట్రాక్టులు చూసీ చూసీ చివరికి వాళ్ళకే మేనేజర్లు అయిపోయే లాయర్లు హాలీవుడ్‌లో ఉంటారట. తెలుగులో అట్లాంటి వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికితే నాకు బందా కనకలింగేశ్వరరావు గారు దొరికారు. ఆయన ఏజెంటు కాదు. కానీ చేసిన పని చూస్తే అంతకన్నా పెద్దదే అనిపించింది.

ఆయన 1907లో కొల్లేటి పక్కన ఆటపాకలో పుట్టారు. లా చదివి ఏలూరులో ప్రాక్టీస్ పెట్టారు. మనసు మాత్రం నాటకం మీదే. చిత్రనళీయంలో బాహుకుడిగా, చింతామణిలో బిల్వమంగళుడిగా మస్తు పేరొచ్చింది. చిత్రనళీయం రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా బళ్ళారిలో వకీలే. ఆ కాలంలో కోర్టుకీ స్టేజీకీ మధ్య గోడ చాలా పల్చగా ఉండేదేమో!

1936లో సినిమా కూడా చేశారు. ద్రౌపదీ మానసంరక్షణంలో ఆయన కృష్ణుడు, బళ్ళారి రాఘవ దుర్యోధనుడు. అదే ఏడాది అదే కథతో ఇంకో సినిమా వచ్చి ఆడింది, ఇది పోయింది. తర్వాత ఏలూరులో ప్రభాత్ థియేటర్ అని సొంత నాటక సంస్థ పెట్టారు.

అసలు కథ కూచిపూడితో మొదలవుతుంది. ఆ ఊళ్ళో మగవాళ్ళే ఆడవేషాలు కట్టి తరతరాలుగా భాగవతం ఆడుతున్నారు. కానీ 1958లో ఢిల్లీలో జరిగిన నాట్య సెమినార్‌లో కూచిపూడి శాస్త్రీయమేనా అని పెద్ద చర్చ నడిచింది. వాళ్ళకు ఆట వచ్చు, అభినయం వచ్చు. పండితుల ముందు నిలబడి వాదించడం వేరే విద్య. విస్సా అప్పారావు లాంటి పండితులతో పాటు బందా గారు కూడా కూచిపూడి పక్షాన నిలబడ్డారు. అంటే ఇక్కడ కూడా వకీలు పనే, క్లయింటు మాత్రం ఒక ఊరు మొత్తం. మరుసటి ఏడాది రాష్ట్ర సంగీత నాటక అకాడమీ హైదరాబాద్‌లో కూచిపూడి మీదే సెమినార్ పెట్టింది.

ఇది చదువుతుంటే నాకు మన సిరిసిల్ల వైపు ఒగ్గు కథ గుర్తొచ్చింది. హనుమాజీపేట మిద్దె రాములు గారు దానికి ఎంత పేరు తెచ్చినా అది ఇప్పటికీ జానపదం అనే డబ్బాలోనే ఉంది. ఏ కళ ఏ డబ్బాలో పడాలో కళ ఒక్కటే తేల్చదు, దాని తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడా లేడా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

బందా గారు వాదనతో ఆగలేదు. 1950ల చివర్లో కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం పెట్టించారు. ఇంటి అరుగు మీద నేర్చుకునే విద్యకు ఒక బడి వచ్చింది. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మను ప్రోత్సహించి పైకి తెచ్చిన వాళ్ళలో ఈయన ముఖ్యులు. 1961లో శర్మ గారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చేనాటికి వయసు 26. తాను స్వయంగా పేరున్న నటుడై ఉండి ఇంకో నటుడిని ముందుకు తోయడం అంత ఈజీ కాదు.

1968లో బందా గారు పోయారు. 1970లో శర్మ గారికి పద్మశ్రీ వచ్చింది.