నెలజీతగాండ్ర కథకుడు ఓజు

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పిన మాటలో ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. కాలక్రమమున ఆ మాట నెలజీతమునకు పేరైనది. అర్థము మారినపుడు దానివెంట ఒక వెలితి కూడ పుట్టినది. పని చేయుచున్నాము గాని కోరుకొన్న పని ఇది కాదు గదా అను వెలితి అది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు తీరమున ఈ వెలితి ఎరుగని కుటుంబములు తక్కువ. కొబ్బరి, జీడిమామిడి తోటలును సముద్రపు వేటయు బ్రతుకుతెరువు చూపినను, చదువుకొన్న పిల్లలు పలాసలోనో నౌపడలోనో రైలెక్కి దూరపు నగరములకు పోవుచున్నారు. 2023లో మూలపేట వద్ద ఓడరేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగిన నాటినుండి ఉద్యోగమను మాట ఆ ఊళ్లలో మరింతగా వినవచ్చుచున్నది. ఉద్యోగము సంపాదించు మార్గము చెప్పువారు పలువురు. సంపాదించిన పిదప మనిషి మనసు ఏమగునో చూపినవారు అరుదు. అట్టివారిలో జపాను దేశపు చలనచిత్ర దర్శకుడు యసుజిరో ఓజు ముఖ్యుడు. తీరికగా నడచుచు, కచేరీలలో పనిచేయువారి అసంతృప్తిని చెప్పు కథలను నేడు జపాను టెలివిజనులో చూచువారికి, ఆ బాటను ఏనాడో నడచి చూపినవాడుగా ఆయనయే కనిపించును.

ఓజు 1903 డిసెంబరు 12వ తేదీన టోక్యో నగరములోని ఫుకగావా ప్రాంతమున జన్మించినాడు. తండ్రి ఎరువుల వర్తకుడు. అయిదుగురు సంతానములో ఈయన రెండవ కుమారుడు. 1913లో తండ్రి వ్యాపారము నిమిత్తము టోక్యోలోనే నిలిచి, భార్యాబిడ్డలను మియే మండలములోని మత్సుసాకకు పంపినాడు. తొమ్మిదేండ్ల ప్రాయమునుండి ఓజు తల్లి చెంతనే పెరిగినాడు. బ్రతుకుతెరువు ఒకచోట, కుటుంబము మరొకచోట ఉండుట ఎట్టిదో ఆయనకు పుస్తకములు చెప్పలేదు, ఇల్లే చెప్పినది.

పాఠశాలలో ఆయన బుద్ధిమంతుడని పేరు పొందలేదు. చదువుకంటె చలనచిత్రములపై మక్కువ హెచ్చు. అమెరికానుండి వచ్చిన చిత్రములు చూచుటకై పొరుగూళ్లకు పోవుచుండెడివాడు. పెద్దలు వాణిజ్య విద్య చదివింపదలచినారు. ఓజు 1921లో కోబె నగరపు వాణిజ్య కళాశాల ప్రవేశపరీక్షలో తప్పినాడు. మరుసటి యేడు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రవేశపరీక్షలోను తప్పినాడు. తుదకు 1922లో మియే మండలములోనే కొండల నడుమనున్న ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాలయందు తాత్కాలికోపాధ్యాయుడుగా చేరినాడు. అప్పటి కాయనకు పందొమ్మిది ఏండ్లయినను నిండలేదు.

ఆ పని ఆయన కోరుకొన్నది కాదు. ఒక సంవత్సరము మాత్రమే అందులో నిలిచి, 1923లో టోక్యోకు మరలిపోయినాడు. అయినను ఆ సంవత్సరము వ్యర్థము కాలేదు. తరువాతి కాలమున ఆయన తీసిన చిత్రములలో బడిపంతులు మరల మరల కనిపించును. ఆ పంతులు ఆదర్శమూర్తి కాడు, హాస్యపాత్రయు కాడు. జీతము చాలక, గౌరవము వదలుకొనలేక, శిష్యుల వృద్ధి చూచి లోలోపల సంతోషించుచు, తన స్థితికి లోలోపల సిగ్గుపడుచు కాలము గడపు సామాన్య మానవుడు.

టోక్యో చేరిన ఓజు చలనచిత్ర వృత్తిలో ప్రవేశింపగోరినాడు. తండ్రికి అది ఇష్టము లేదు. పినతండ్రి తోడ్పాటుతో 1923 ఆగస్టులో షోచికు సంస్థ వారి కమత చిత్రశాలలో ఛాయాగ్రహణ శాఖయందు సహాయకుడైనాడు. మరునెల ఒకటవ తేదీననే మహాభూకంపము టోక్యోను నేలమట్టము చేసినది. ఓజు సైనిక విధి ముగించుకొని వచ్చి, 1926లో దర్శకశాఖకు మారి, సహాయ దర్శకులలో కడపటివాడుగా కుదురుకొన్నాడు. బరువైన పని, చాలని నిద్ర, ఎదురుచూపు, ఇవే ఆనాటి ఆయన జీతపు బ్రతుకు.

ఆయనకు దర్శకత్వము లభించిన తీరు గూర్చి చిత్రశాలలో ఒక కథ నిలిచిపోయినది. ఒకనాడు పని ముగించి, ఆకలితో భోజనశాలలో కూర అన్నము కొరకు వరుసలో కాచియున్న ఓజు వంతు రాగానే, అప్పుడే వచ్చిన ఒక దర్శకునికి ఆ పళ్లెము ముందుగా అందించినారట. ఓజు కోపము పట్టలేక వడ్డించువానిపై చేయి చేసుకొన్నాడట. విషయము చిత్రశాలాధిపతి షిరో కిదో చెవికి పోయినది. ఆయన దండించుటకు మారుగా, ఈ యువకుని పౌరుషము మెచ్చి, కథ యొకటి వ్రాసి తెమ్మన్నాడట. 1927లో ఓజు మొదటి చిత్రము వెలువడినది. అది కత్తియుద్ధముల కాలపు కథ. దాని ప్రతి నేడు లభ్యము కాదు. ఆ వైపు ఓజు మరల పోలేదు. రాజులను, వీరులను విడిచి, నెలజీతగాండ్ర లోకమునకు వచ్చినాడు.

ఆర్థికమాంద్యము ప్రపంచమును క్రుంగదీసిన కాలమది. పట్టభద్రులు పనికొరకు వీథులు తిరుగుచుండిరి. 1931 నాటి టోక్యో బృందగానము అను చిత్రములో, భీమా కంపెనీ గుమాస్తా ఒకడు అన్యాయముగా పనినుండి తొలగింపబడిన వృద్ధోద్యోగి పక్షము వహించి, తన ఉద్యోగమే పోగొట్టుకొన్నాడు. పూర్వము చదువు చెప్పిన పంతులు నడపు భోజనశాల కొరకు వీథిలో ప్రకటన పత్రములు పంచవలసిన స్థితికి వచ్చినాడు. అది చూచిన భార్య అభిమానము దెబ్బతిన్నది. చివరకు దూరపు ఊరిలో బడిపంతులు పని దొరకినది. దానిని సంతోషమనవలెనో, ఓటమి అనవలెనో ఓజు తేల్చి చెప్పలేదు.

1932లో వచ్చిన చిత్రము పేరునకు, పుట్టినాము గాని అని అర్థము చెప్పవచ్చును. అందు ఇద్దరు పిల్లలు తమ తండ్రి అందరికంటె గొప్పవాడని నమ్మినారు. యజమాని ఇంట వేడుకగా ప్రదర్శించిన బొమ్మలలో తండ్రి పై అధికారిని నవ్వించుటకై వికారపు చేష్టలు చేయుట చూచినారు. ఇల్లు చేరి తండ్రిని నిలదీసినారు. భోజనము మానినారు. ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిదప, తనవంటి బ్రతుకు వీరికి వలదని తలిదండ్రులు కోరుకొన్నారు. మరునాడు ఆకలికి తాళలేక పిల్లలు తండ్రి ప్రక్కనే కూర్చుండి అన్నపు ముద్దలు తిన్నారు. నవ్వించుచునే గుండెను మెలిపెట్టు ఈ చిత్రమును కినెమా జుంపో పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా ఎన్నుకొన్నది. తరువాతి రెండేండ్లును ఆ ప్రథమస్థానము ఓజు చిత్రములకే దక్కినది. 1934లో ఆయన తండ్రి మరణించినాడు.

ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనదగిన చిత్రము 1936లో వచ్చిన ఏకైక పుత్రుడు. ఓజు తీసిన తొలి శబ్దచిత్రమిది. షిన్షూ ప్రాంతపు పట్టు మిల్లులో కూలిచేయు వితంతువు, పంతులు ప్రోత్సహింపగా, ఉన్నదంతయు ధారపోసి కుమారుని చదివించినది. ఏండ్లు గడచిన పిదప కొడుకును చూచుటకై టోక్యో వచ్చినది. కొడుకు గొప్పవాడు కాలేదు. నగరపు శివారున పేద ఇంట భార్యతోను పసిబిడ్డతోను కాపురముండి, రాత్రి బడిలో లెక్కలు చెప్పుచున్నాడు. నాడు ప్రోత్సహించిన పంతులును గొప్ప ఆశలతో అదే నగరమునకు వచ్చి, మాంసపు వేపుడు అమ్ముకొని జీవించుచున్నాడు. తన త్యాగమునకు ఫలమిదియా అని తల్లి మనసు కలుక్కుమన్నది. అంతలో ఇరుగుపొరుగు పేదపిల్లవానిని గుఱ్ఱము తన్నగా, తల్లిని ఊరు చూపుటకై సమకూర్చుకొన్న సొమ్మును కొడుకు ఆ పిల్లవాని తల్లికి ఇచ్చివేసినాడు. కొడుకు గొప్పవాడు కాకపోయినను మంచివాడైనాడని తల్లి తృప్తిపడినది.

మరి యెవరైనను కథను అచ్చటనే ముగించి ఉందురు. ఓజు ముగింపలేదు. ఊరు చేరిన తల్లి తోటి కూలీలతో కొడుకును గూర్చి గొప్పగా చెప్పి, మిల్లు వెనుకకు పోయి ఒంటరిగా కూర్చుండి దుఃఖపడినది. మంచితనము నిజము, ఆ దుఃఖమును నిజమే. ఒకటి రెండవదానిని మాపలేదు. ఓజు చిత్రములన్నిటికిని ప్రాణప్రదమైన విషయమిదియే. చిన్న ఉద్యోగము చేయువాని బ్రతుకు వ్యర్థమని ఆయన అనలేదు. వ్యర్థము కాదు గనుక బాధపడవలదని బోధింపను లేదు.

1937లో ఓజు సైన్యములోనికి పిలువబడి, చైనాలో దాదాపు రెండేండ్లు యుద్ధరంగమున ఉన్నాడు. ఆయన చేరిన దళము విషవాయు ప్రయోగమునకు సంబంధించినది. ఇంటిలోని టీ పాత్రను, గోడనీడను అంత మృదువుగా చూచిన మనిషి జీవితములో ఈ అధ్యాయము కూడ ఉన్నదని చెప్పక తప్పదు. 1943లో ప్రభుత్వము ఆయనను సింగపూరుకు పంపినది. అచ్చట నేతాజీ సుభాష్ చంద్రబోసు నాయకత్వమున సాగుచున్న భారత స్వాతంత్ర్యోద్యమమును గూర్చి చిత్రము తీయుట ఆయన పని. ఆ చిత్రము పూర్తి కాలేదు. అక్కడ చిక్కిన అమెరికా చిత్రములను చూచుచు కాలము గడపి, యుద్ధానంతరము కొంతకాలము నిర్బంధములో ఉండి, 1946లో స్వదేశము చేరినాడు.

తరువాత పదునేడేండ్లు ఆయన ప్రతిభకు పంటకాలము. రచయిత కోగో నోదాతో కలిసి కూర్చుండి కథలు వ్రాసెడివాడు. నటుడు చిషూ ర్యూ, నటి సెత్సుకో హారా ఆయన చిత్రములకు నిండుదనము తెచ్చినారు. 1953 నాటి టోక్యో కథలో ఒనోమిచి అను రేవుపట్టణమునుండి వృద్ధదంపతులు బిడ్డలను చూచుటకు రైలెక్కి టోక్యో పోయినారు. వైద్యుడైన కొడుకునకు తీరిక లేదు. క్షౌరశాల నడపు కుమార్తెకు ఓపిక లేదు. యుద్ధములో పోయిన కుమారుని భార్య మాత్రము తన కచేరీనుండి సెలవు తీసికొని వారిని ఆదరించినది. బిడ్డలు దుర్మార్గులు కారు. పని వారిని పట్టియుంచినది. మూలపేట తీరపు ఊళ్లనుండి కొడుకులను చూచుటకు నగరములకు పోయి, అనుకొన్నదానికంటె ముందే తిరిగివచ్చు పెద్దలకు ఈ కథ పరాయిది కాదు. 2012లో ప్రపంచ దర్శకుల అభిప్రాయములు సేకరించిన ఆంగ్ల పత్రిక సైట్ అండ్ సౌండ్ లెక్కలో ఈ చిత్రమే మొదటిది.

1956లో వచ్చిన తొలి వసంతము పూర్తిగా నెలజీతగాండ్ర చిత్రము. ఉదయము శివారు ఇండ్లనుండి బయలుదేరి, రైలు వేదికపై గుంపులుగా నిలిచి, పెద్ద మేడలలోనికి పోవు వేలాది జనముతో అది ఆరంభమగును. కథానాయకుడు ఇటుకల కంపెనీ గుమాస్తా. బిడ్డ పోయిన దుఃఖము ఇంట, విసుగు కచేరీలో. తోటి ఉద్యోగినితో దారి తప్పినాడు. భార్య అలిగి వెడలినది. తుదకు దూరపు కొండప్రాంతములోని కర్మాగారమునకు బదిలీ అయినాడు. భార్య అక్కడికి వచ్చి చేరినది. కిటికీనుండి పోవుచున్న రైలును ఇరువురు చూచుటతో కథ ముగియును. అందు పదవీవిరమణ సమీపించిన వృద్ధుడు తన సేవాకాలమంతయు ఏమి మిగిల్చినదని వగచును. రోగియై మంచము పట్టిన మిత్రుడు మాత్రము ఆ కచేరీమేడనే కలవరించును. ఉన్నవానికి విసుగైన పని లేనివానికి స్వర్గము. ఓజు ఇరువురి మాటను కాదనలేదు.

ఈ చిత్రములు నెమ్మదిగా నడచునని కొందరు విసుగుకొందురు. ఓజు ఛాయాయంత్రమును చాపపై కూర్చున్న మనిషి కంటి ఎత్తుకంటెను క్రిందుగా నిలిపెడివాడు. మనుష్యులు గదినుండి పోయిన పిదప కూడ ఆ ఖాళీ గది కొంతసేపు కనిపించును. ఆరవేసిన బట్టలు, పొగగొట్టము, పోవు రైలు కనిపించును. జీతగాని దినము నిజముగా గడచు తీరు అట్టిదే. అందు పెద్ద సంఘటనలు తక్కువ, సంఘటనల నడుమ కాలము ఎక్కువ. ఆ కాలమును కత్తిరింపక చూపుట ఆ మనిషిని గౌరవించుటయే.

టెలివిజను జపాను ఇండ్లలో ప్రవేశించు తరుణమును కూడ ఆయన చూచినాడు. 1959లో వచ్చిన శుభోదయము అను చిత్రములో ఇద్దరు పిల్లలు టెలివిజను కొనుమని పట్టుబట్టి మౌనవ్రతము పూనినారు. 1963లో రచయిత సతోమీ తోన్‌తో కలిసి ఎన్.హెచ్.కె. సంస్థ టెలివిజనుకు ఒక నాటకము వ్రాసినాడు. ఆనాటికే జపాను కళా అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. చలనచిత్ర దర్శకునికి అట్టి గౌరవము అదియే మొదటిది.

ఓజు వివాహము చేసికొనలేదు. తల్లితో కమకురాలో నివసించినాడు. 1962లో ఆమె మరణించినది. ఆ యేడే ఆయన కడపటి చిత్రము వచ్చినది. కంఠమునకు సోకిన పుట్టకురుపు వ్యాధితో 1963 డిసెంబరు 12వ తేదీన, సరిగా అరువది ఏండ్లు నిండిన నాడే, ఆయన కన్నుమూసినాడు. యాబదికి పైగా చిత్రములు తీసిన ఆ జీవితము, కొద్ది చిత్రములు మినహా, ఒకే సంస్థ కొలువులో గడచినది. ఆయనయు నెలజీతగాడే. కమకురాలోని ఎంగాకుజీ బౌద్ధాలయమున ఆయన సమాధిపై పేరు లేదు. శూన్యమను అర్థముగల ఒక్క అక్షరము మాత్రమున్నది. పరీక్షలు రెండు తప్పి, కొండపల్లె బడిలో ఒక యేడు పాఠములు చెప్పిన ఆ యువకుడు, తనవలె కోరినది దక్కని లక్షలమందిని జీవితాంతము మరువలేదు. వారి బ్రతుకులు చూడదగినవని నమ్మి, తొందర లేక చూచినాడు.