ఒక్కో దోమకు ఒక అణా: బేగంపేటలో మలేరియా గుట్టు తేల్చిన రొనాల్డ్ రాస్

తాడేపల్లి: ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు. ఆ తేదీ మన సికింద్రాబాద్ నుంచి వచ్చిందే. 1897లో ఆ రోజు బేగంపేటలో ఒక సైనిక డాక్టర్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. ఆయన సర్ రొనాల్డ్ రాస్. ఆ దోమకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్. రాస్ పేరు పిల్లల పాఠాల్లో ఉంది. హుసేన్ ఖాన్ పేరు మాత్రం మన ఇళ్లలోనూ చాలామంది విని ఉండరు.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని ఆల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ల వయసులో కొడుకును చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. రాస్‌కు కవిత్వం, బొమ్మలు, లెక్కలంటే ఇష్టం. డాక్టరీ మాత్రం తండ్రి మాట కాదనలేక చదివారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు వైపు వచ్చారు.

ఆ రోజుల్లో మలేరియా చిత్తడి నేలల చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. అసలు ఆ మాటకు అర్థమే చెడు గాలి. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి డాక్టర్ లావెరాన్ రోగి రక్తంలో క్రిమిని చూశారు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూపించి, దోమ మీద తన అనుమానం చెప్పారు. బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని చైనాలో కనిపెట్టిన డాక్టర్ ఆయనే. 1895లో రాస్ సికింద్రాబాద్ తిరిగొచ్చి వెతుకులాట మొదలుపెట్టారు.

సీసాలో పెంచిన దోమ

గోడ మీద పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? మనిషినా, పశువునా, పిట్టనా? దాని కడుపులో ఏదైనా కనిపించినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. అందుకే రాస్ నీటి గుంటల నుంచి దోమ పిల్లలను తెప్పించి సీసాల్లో పెంచారు. రెక్కలొచ్చాక అవి తాగే మొదటి రక్తం మలేరియా రోగిదే అయ్యేలా చూశారు. రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని లోపలికి వదిలేవారు. కుట్టిన దోమలను మళ్లీ పట్టి, రోజుల లెక్కన ఒక్కొక్కటిగా కోసి చూసేవారు.

పద్ధతి మంచిదే, కానీ దోమ జాతి సరైనది కాదు. సులువుగా దొరికే రకాలతో రెండేళ్లు గడిచిపోయాయి. మధ్యలో బెంగళూరులో కలరా డ్యూటీ పడింది. ఊటీ వైపు వెళ్లినప్పుడు ఆయనకే మలేరియా సోకింది.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలు సీసాల్లో పెరిగి వచ్చాయి. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ మీద వదిలారు. రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. పదహారు అణాలైతే రూపాయి. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా ఇలాంటి ప్రయోగం కుదరదు.

ఎండాకాలంలా ఉక్క. దోమలు ఎగిరిపోతాయని రాస్ పంకా కూడా వేయించుకోలేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, నాలుగో రోజు దోమ కడుపు గోడలో, నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా క్రిమిలో ఉండే రంగే అది. మర్నాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవయ్యాయి. క్రిమి దోమలో బతుకుతోంది, పెరుగుతోంది. ఆ మచ్చల రెక్కల దోమనే ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నాం.

మనుషుల నుంచి పిట్టలకు

కొద్ది వారాలకే రాస్‌ను మలేరియా పెద్దగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పరిశోధనకు వీలు దొరికింది. కానీ అక్కడ ప్లేగు టీకా భయంతో జనం వేలి నుంచి చుక్క రక్తం ఇవ్వడానికే జంకారు. దాంతో రాస్ పిట్టల మలేరియా వైపు తిరిగారు. అక్కడ ఆయనకు తోడున్న సహాయకుడు మహమ్మద్ బక్ష్. పెంచిన దోమలకు జబ్బు పిచ్చుకల రక్తం తాగించారు. క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం 1898 జులైలో చూశారు. ఆ దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టిస్తే వాటికీ జబ్బు వచ్చింది. దోమ కాటుతోనే మలేరియా అంటుతుందని అలా రుజువైంది. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ పాత్రను అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది.

పశువుల వైరస్‌ల పరిశోధనకూ ఇదే దారి. గుంటూరు, ప్రకాశం వైపు పంట తీశాక పొలాల్లో గొర్రెల మంద కట్టిస్తారు. బక్రీద్‌కు మనం కొనే పొట్టేళ్లు చాలావరకు అలాంటి మందల్లోవే. వానాకాలంలో వాటికి వచ్చే నీలి నాలుక జబ్బు వైరస్‌ది. మూతి వాచి, నాలుక కమిలి, గొర్రె కుంటుతుంది. దాన్ని మోసేది కూలికాయిడ్స్ అనే నలుసంత కుట్టే పురుగు. 1944లో దక్షిణాఫ్రికాలో డు టాయిట్ ఈ సంగతి తేల్చారు. తర్వాత ఆ పురుగులను కూడా ల్యాబ్‌లో పెంచి పరీక్షించడం మొదలైంది. పశువుల లంపీ స్కిన్ వైరస్‌ను ఈడిస్ దోమ జబ్బు పశువు నుంచి మంచి పశువుకు చేర్చగలదని 2001లో వెలువడిన ల్యాబ్ ప్రయోగం చూపింది. ఏ పురుగు మోస్తుందో తెలిస్తేనే దేని మీద మందు కొట్టాలో, మందను ఏ వేళ కాపాడుకోవాలో తెలుస్తుంది. కూలికాయిడ్స్ తడి పేడలో, బురదలో పెరిగి, ఎక్కువగా పొద్దు వాలాక కుడుతుంది. నీలి నాలుకకు టీకా కూడా ఉంది. వానలకు ముందే పశువుల డాక్టరును అడగడం మంచిది.

నోబెల్, ఆ తర్వాత

రాస్ 1899లో ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లి లివర్‌పూల్‌లో పాఠాలు చెప్పారు. 1902లో వైద్యంలో నోబెల్ అందుకున్నారు. గ్రాసీకి అందులో వాటా దక్కలేదు. ఎవరు ముందు కనిపెట్టారన్న తగువును రాస్ ఏళ్ల తరబడి చేదుగా నడిపారు. 1911లో సర్ బిరుదు వచ్చింది. దోమల లెక్కకూ జ్వరాల లెక్కకూ సంబంధాన్ని గణితంలో పెట్టారు. ఊళ్లో దోమలన్నీ పోనక్కర్లేదని, ఒక స్థాయి కంటే తగ్గితే చాలు మలేరియా ఆగుతుందని చూపించారు. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశారు.

హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి రాస్ పేరే పెట్టారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ భవనంలో తేలిన లెక్కకు రాస్ చేతికి నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ చేతికి దోమకు ఒక అణా వచ్చింది.