ధృతిశబ్దార్థము – పొట్టి శ్రీరాములుగారి జీవితము

మనోదార్ఢ్యమును తెలుపు పదములు సంస్కృతమున పెక్కు గలవు. ధైర్యము, స్థైర్యము, ధృతి, నిష్ఠ, అధ్యవసాయము మున్నగువానిని లోకమున పర్యాయములుగా వాడుదురు గాని, అవి నిజముగా ఒకదాని చోట ఒకటి నిలువవు. ధైర్యమునకు ఎదుట భయహేతువు ఉండవలెను. స్థైర్యమునకు కదలించు శక్తి యొకటి ఉండవలెను. ధృతి యట్లు గాదు. పట్టి నిలుపుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది గనుక, ఎవ్వరు బెదరింపకున్నను, ఎవ్వరు చూడకున్నను అది పనిచేయుచునే యుండును. మనువు చెప్పిన పది ధర్మలక్షణములలో మొదటిది ఇదియే.

మా చిన్నతనమున సంగము, ఆత్మకూరు ప్రాంతపు పెద్దలు పొట్టి శ్రీరాములుగారిని మొండివాడనియే చెప్పుకొనెడివారు. ఆ మాటలో నిందయు మెచ్చుకోలును సమముగా కలిసియుండెడివి. ఆయనకు ఈ తెలుగుమాట చెల్లునా, ధృతిమంతుడను సంస్కృతపదము చెల్లునా యని నేను చాలకాలము ఆలోచించితిని.

శ్రీరాములుగారు 1901 మార్చి 16వ తేదీన మద్రాసులో గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు జన్మించిరి. పూర్వులది కనిగిరి ప్రాంతమందలి పడమటిపల్లె. మన ఉదయగిరి సీమకు పొరుగైన ఆ కనిగిరి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు నెల్లూరు మండలమునందే యుండెను. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వే ఉద్యోగమున కుదిరిరి. భార్యయు బిడ్డయు గతించిన పిమ్మట ఉద్యోగము విడిచి సబర్మతి ఆశ్రమము చేరిరి. శ్మశానవైరాగ్యము ఇల్లు చేరులోపలనే తీరిపోవునందురు. ఆయన వైరాగ్యము ఇరువదియేండ్లకు పైగా నిలిచెను. మొండి యనగా కొమ్మలు నరుకగా మిగిలిన మోడు గదా! ఆ యర్థమున మా పెద్దలమాట తప్పు గాదు.

1930లో ఉప్పు సత్యాగ్రహమునందు, తరువాతి ఉద్యమములయందును ఆయన కారాగారవాస మనుభవించిరి. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కావలెనని నిరాహారదీక్ష పూనిరి. నెల్లూరు ఎండలో చెప్పులు లేక, గొడుగు లేక, మెడలో నినాదముల పలకలు వ్రేలాడగా వీధులు తిరిగెడివారు. పిచ్చివాడని నవ్వినవారును కలరు. నవ్వును ఓర్చుకొనుటకు ధైర్యము చాలదు. అచ్చట భయము లేదు, అవమానము మాత్రమే కలదు.

ఇక చివరి దీక్ష. దానిని ప్రాయోపవేశమని వ్రాయువారు కలరు. నాకు సమ్మతము గాదు. పరీక్షిత్తు గంగాతీరమున కూర్చుండినది ప్రాయోపవేశము. అందు ఎవ్వరిని కోరినది లేదు. సముద్రతీరమున అంగదాది వానరులు కూర్చుండినదియు అదియే. అది నిరాశచే కలిగినది. కోరిక నెరవేరువరకు ఒకని యెదుట కూర్చుండుట ప్రత్యుపవేశము. అప్పులవాని వాకిట ధనికుడు కూర్చుండుట వంటిది. చిత్రకూటమున భరతుడు దర్భలు పరపించి రామునెదుట చేయబూనినది ఇదియే. అది క్షత్రియునకు తగదని రాముడు వారింపగా భరతుడు లేచెను. 1951లో ఆంధ్రరాష్ట్రముకొరకు స్వామి సీతారాం చేసిన దీక్ష వినోబాభావే మాటపై విరమింపబడెను. లేచుటయు ధృతికి విరుద్ధము గాదు.

శ్రీరాములుగారు లేవలేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆరంభించిన దీక్ష డిసెంబరు 15 రాత్రి ప్రాణముతో ముగిసెను. వెంటనే ఆంధ్రప్రాంతమున అల్లరులు చెలరేగెను. పోలీసు కాల్పులలో కొందరు మరణించిరి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రమేర్పడెను. మద్రాసు నగరము అందు చేరలేదు.

గీతలో ధృతి మూడు విధములు. ఫలమును కాంక్షించి పట్టువిడువనిది రాజసమని, దుఃఖమును విషాదమును విడువలేనిది తామసమని, యోగముచే మనఃప్రాణేంద్రియ వ్యాపారములను నిలుపునది సాత్త్వికమని విభాగము. శ్రీరాములుగారు ఫలమును కోరిరి. కావున రాజసమని వాదింపవచ్చును. నేనును చాలకాలము అట్లే బోధించితిని. కాని ఆ ఫలమున తనకని భాగము కోరలేదు, దానిని కన్నులార చూడనులేదు. ఏబదియెనిమిది దినములు ప్రాణేంద్రియములను నిలిపిన పట్టును రాజసమనుటకు ఇప్పుడు నోరు రాదు. అహింసావ్రతుని మరణము హింసకు నిమిత్తమగుట మాత్రము నన్ను నేటికిని బాధించుచున్నది. దానికి ఏ వ్యాఖ్యానమునను నాకు సమాధానము దొరకలేదు.

2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. మద్రాసు రాయపేట హైరోడ్డులో ఆయన అసువులు బాసిన యిల్లు స్మారకమందిరమైనది.