కొలతకు కట్టుబడిన జీవితం – అన్నా మణి

ఈ ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రముఖ వ్యక్తి జీవితం గురించి రాయాలనుకున్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చిన పేరు అన్నా మణి గారిది. ఆమె రాజకీయ నాయకురాలు కారు, సినీతార కారు. మనలాగే సర్కారు కొలువు చేసి పదవీ విరమణ పొందిన ఉద్యోగి. ఎండ, వాన, గాలి ఎంతో సరిగ్గా చెప్పగల పరికరాలు మన దేశంలోనే తయారు కావడానికి ఆమె చేసిన కృషి పెద్దది.

అన్నా మణి గారు 1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించారు. తండ్రి సివిల్ ఇంజనీరు, ఏలకుల తోటలు ఉన్న కుటుంబం. ఎనిమిదో పుట్టినరోజున ఆ ఇంటి ఆడపిల్లలకు వజ్రాల దుద్దులు ఇవ్వడం ఆచారం. ఆమె దుద్దులు వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు అడిగి తీసుకున్నారు. వైకోం సత్యాగ్రహ కాలంలో గాంధీజీ అక్కడికి వచ్చిన ప్రభావం ఆ పసి మనసు మీద పడింది. తరువాత ఖద్దరే కట్టారు.

1939లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలలో ఆనర్సు పూర్తి చేసి, 1940లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ గారి వద్ద పరిశోధనకు చేరారు. దుద్దులుగా వద్దన్న వజ్రాలే అక్కడ ఆమెకు పరిశోధనాంశం అయ్యాయి. ముప్పైకి పైగా వజ్రాల కాంతి లక్షణాలను పరిశీలించారు. ఒక్కో ఫోటో ప్లేటు మీద కాంతి పడేందుకు పదిహేను, ఇరవై గంటలు పట్టేది. ఎన్నో రాత్రులు ప్రయోగశాలలోనే గడిచాయి. 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంగా మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. అయిదు పరిశోధనా వ్యాసాలు తన ఒక్కరి పేరుతోనే ప్రచురించిన వ్యక్తికి జరిగిన సంగతి ఇది. ఆ డిగ్రీ ఆమెకు చివరి వరకు లేదు.

ఆ ఏడాదే ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్ళారు. భౌతికశాస్త్రం చదవాలన్నది ఆశ. దొరికిన స్కాలర్‌షిప్ మాత్రం వాతావరణ పరికరాలకు సంబంధించినది. వచ్చిన దానినే శ్రద్ధగా నేర్చుకున్నారు. 1948లో తిరిగి వచ్చి, పూనాలో భారత వాతావరణ శాఖ పరికరాల విభాగంలో చేరారు. కొద్ది సంవత్సరాలకే ఆ విభాగానికి అధిపతి అయ్యారు. ఆమె కింద పనిచేసిన 121 మందీ పురుషులే.

అప్పటికి ఉష్ణమాపకం, భారమాపకం వంటి మామూలు పరికరాలు కూడా చాలావరకు విదేశాల నుంచి రావలసిందే. సుమారు వంద పరికరాలకు ప్రామాణిక డ్రాయింగులు తయారుచేయించి, వాటి ఉత్పత్తికి ఆమె దారి వేశారు. పరికరం చేస్తే సరిపోదు, అది నిజం చెబుతోందా అని ఎప్పటికప్పుడు సరిచూడాలి. మనలో రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది బాగా తెలుసు. తాలూకా కచేరీ ఆవరణలోని వర్షమాపకంలో నీటిని ఉదయం 8.30కు కొలిచి రాసేవారు. గరాటు వెడల్పుకు తగిన కొలగాజు కాకుండా మరొకటి వాడితే లెక్క తప్పుతుంది. ఆ లెక్కను చూసే కరువు ప్రకటనలు జరుగుతాయి. తప్పు కొలత కంటే అసలు కొలత లేకపోవడమే మేలని ఆమె నమ్మేవారు.

1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిగినప్పుడు, సౌర వికిరణం కొలిచే కేంద్రాలను దేశంలో పలుచోట్ల ఏర్పాటు చేశారు. ఈ పరికరంలో గాజు గుండుకప్పు కింద నల్లని పలక ఉంటుంది. ఎండకు అది వేడెక్కితే స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును బట్టి ఎండ తీవ్రత తెలుస్తుంది. గాజు మీద దుమ్ము పేరుకున్నా, నల్లరంగు వెలిసినా లెక్క తప్పుతుంది. అందుకే సరిచూడడంలో ఆమె అంత పట్టుదల చూపారు. 1960 నుంచి ఓజోన్ మీద దృష్టి పెట్టి, బెలూన్‌తో పైకి పంపి ఓజోన్‌ను కొలిచే పరికరాన్ని రూపొందించారు. 1963లో విక్రమ్ సారాభాయ్ గారి కోరికపై తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనశాల నెలకొల్పారు.

1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు. మనకు ముఖ్యమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. సౌరశక్తి ఇంజనీర్లకు ఆధారమైన ఆమె గ్రంథాలు రెండూ, 1980లో ఒకటి, 1981లో ఒకటి, పెన్షనరుగా ఉన్నప్పుడు వచ్చినవే. ఆ తరువాత గాలి మీద దృష్టి పెట్టారు. బెంగళూరులో చిన్న వర్క్‌షాపు పెట్టి గాలివేగం, సౌరశక్తి కొలిచే సాధనాలు తయారుచేయించారు. దేశంలో వందలాది చోట్ల గాలిని కొలిచే సర్వేకు నాయకత్వం వహించారు. ఇక్కడ చిన్న పొరపాటు కూడా పెద్ద నష్టమే. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి యంత్రం వేగాన్ని పదోవంతు తక్కువ చూపితే, శక్తి లెక్క నాలుగోవంతుకు పైగా తగ్గిపోతుంది. ఆ లెక్కను నమ్మి, గాలిమరలకు పనికివచ్చే చోటును పనికిరాదని వదిలేసే ప్రమాదం ఉంది.

1987లో ఆమెకు కె.ఆర్. రామనాథన్ పతకం లభించింది. 1994లో పక్షవాతం రావడంతో కదలలేని స్థితి ఏర్పడింది. 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూశారు. ఆమె వివాహం చేసుకోలేదు.

డాక్టరేటు అందని ఆమె సిద్ధాంత గ్రంథం, పట్టా పొందిన వారి గ్రంథాలతో పాటు బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉంది. మన మనవలు, మనవరాళ్ళు డాబా మీద సోలార్ పలకలు చూసి ప్రశ్నలు అడిగినప్పుడు, మన దేశపు ఎండను అంత ఓపికగా కొలిపించిన ఈ పెన్షనరు గురించి కూడా వారికి చెబుదాం.