జూలియా మార్గరెట్ కామెరాన్

పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల సమాజంలో ఛాయాచిత్రం ఒక గౌరవచిహ్నం. సంపన్నులు హోదాకు తగిన దుస్తులు ధరించి, ఖరీదైన ఆసనాల పక్కన నిలిచి చిత్రాలు తీయించుకొనేవారు. వాటిలో మనిషి కంటె అంతస్తే ముందుగా కనిపించేది. ఆ ఆడంబరాన్ని తొలగించి ముఖానికే ప్రాధాన్యమిచ్చిన కళాకారిణి జూలియా మార్గరెట్ కామెరాన్.

ఆమె 1815 జూన్ 11న కలకత్తాలో జన్మించింది. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1838లో న్యాయకోవిదుడు చార్లెస్ హే కామెరాన్‌తో ఆమెకు వివాహమయింది. మెకాలేతో కలిసి భారత శిక్షాస్మృతి రూపకల్పనలో పాలుపంచుకొన్నవాడాయన. 1848లో ఆ దంపతులు ఇంగ్లండుకు తరలివెళ్లి, 1860లో వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్‌లో స్థిరపడ్డారు.

1863లో కుమార్తె, అల్లుడు ఆమెకు ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయస్సు 48 ఏళ్లు. బొగ్గుల కొట్టు చీకటిగదిగా, కోళ్ల గూడు చిత్రశాలగా మారాయి. గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి కడగవలసిన రోజులవి. చేతులు నల్లబడినా ఉన్నతవర్గపు స్త్రీనని ఆమె సంకోచించలేదు. చిత్రాలు మసకగా ఉన్నాయని విమర్శకులు ఆక్షేపించినా తన పద్ధతిని విడువలేదు. 1865లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె చిత్రాలను కొనుగోలు చేసింది.

ఆమె చిత్రాలలో టెన్నిసన్, డార్విన్, హెర్షెల్ వంటి ప్రముఖులు తమ పేర్లతోనే నిలిచారు. స్త్రీలు మాత్రం ఎక్కువగా మేరీమాతగానో, కావ్యనాయికలుగానో కనిపిస్తారు. ఇంటి పరిచారిక మేరీ హిల్లియర్ అనేక చిత్రాలలో మేరీమాత అయింది. కెమెరా ఎదుట ఆమెది దివ్యమూర్తి స్థానం. కెమెరా పక్కకు తొలగగానే మళ్లీ సేవకురాలి స్థానమే. పురుషునికి కీర్తి, స్త్రీకి పాత్ర, పేదకు పని అన్న ఆనాటి విభజన ఆ కళలోనూ మిగిలింది.

అయితే ఒక చిత్రం ఒక జీవితాన్నే మార్చింది. భిక్షాటనతో బ్రతికే తల్లి వెంట ఉన్న మేరీ రయన్ అనే బాలికను కామెరాన్ చేరదీసి చదువు చెప్పించింది. ఆ బాలిక పెరిగి ఆ ఇంటి పరిచారిక అయింది. ప్రదర్శనలో ఆమె చిత్రాన్ని చూసిన హెన్రీ కాటన్ 1867లో ఆమెను వివాహమాడాడు. 1904లో భారత జాతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించినది ఆయనే.

1875లో కామెరాన్ దంపతులు సింహళానికి వెళ్లారు. అక్కడ ఆమె తీసిన చిత్రాలు కొద్దిపాటివే. తోటలలోని కూలీలను, గ్రామీణులను కూడ ఆమె శ్రద్ధగానే చిత్రించింది. కాని వారిలో చాలామంది పేర్లు చరిత్రకు దక్కలేదు. 1879 జనవరి 26న ఆమె అక్కడే కన్నుమూసింది. ముఖాలలోని తేజస్సుకు అంతస్తుతో పనిలేదని ఆమె చిత్రాలు చాటుతున్నాయి. పేరు మిగలడానికి మాత్రం ఆనాడు అంతస్తు అవసరమైందని కూడ అవే చెబుతున్నాయి.